కంచకు కట్టుబాటు



ఊళ్లు తిరిగి పశువులకు వైద్యం చేసిన ఒక పెద్దాయన జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోంది. ఆయన పేరు బ్యానరు మీద ఉంటే చాలు, అచ్చులో వద్దని కుటుంబసభ్యులు కోరారు. అలాగే కానిస్తున్నాను. 2026ను ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. మంగోలియా చొరవ తీసుకోగా 2022 మార్చిలో సర్వప్రతినిధి సభ ఆ తీర్మానం చేసింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని, ఎత్తైన కొండల మీద మందలు కాసేవాళ్లు తమ గడ్డిని ఎలా కాపాడుకుంటారో చెప్పమన్నారు నిర్వాహకులు.

శేరిలింగంపల్లిలో కూర్చుని హిమాలయాల గడ్డి గురించి మాట్లాడుకోవడం కొంచెం విడ్డూరమే. మనం ఉన్నది సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున. ఎవరెస్టు దిగువన షెర్పాల ఊరు ఖుమ్‌జుంగ్ ఉన్నది 3,790 మీటర్ల ఎత్తున. అయినా ఈ రెండు చోట్లకూ నడుమ దారి ఉంది, ఆ దారిన ఇద్దరు పండితులు నడిచారు. ఇద్దరూ ముందు మన నేల మీద పనిచేసి, ఆ తర్వాతే కొండలెక్కారు. కొండల్లో వాళ్లు చూసినది మనకెందుకు కావాలో తెలియాలంటే, ఇక్కడ ఏం చూసి వెళ్లారో ముందు తెలియాలి.

మొదటివాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో ఇండియా వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిషువాళ్లకు ఆయన శత్రుదేశస్థుడయ్యాడు. జైల్లో పెట్టకుండా హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని ఆంక్ష పెట్టారు. మనకది కలిసొచ్చింది. నల్లమల చెంచుల మీద, పాపికొండల కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ గోండుల మీద ఇవాళ్టికీ చదవదగిన పుస్తకాలు ఆ నిర్బంధంలోనే పుట్టాయి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. ఆ పని ఈయనకు అప్పగించింది.

ఆదిలాబాద్‌లో ఆయన చూసినదాంట్లో మన విషయానికి పనికొచ్చేది రిజర్వు అడవి హద్దుల సంగతి. సర్కారు కొలతలు వేసి ఊళ్ల చుట్టూ హద్దులు గీసింది. గీత లోపల సాగు భూమి మిగిలింది, పశువులు తిరిగే నేల గీత అవతలికి పోయింది. పశువు గీత దాటితే జరిమానా, లేదంటే మేత పన్ను. ఇది ఆదిలాబాద్‌కే ప్రత్యేకమైన కష్టం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం తర్వాత పల్నాడులో పుల్లరి పేరిట వసూలు చేసినదీ ఇలాంటిదే. దానికి ఎదురు తిరిగినందుకే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. పాఠ్యపుస్తకాల్లో అడవి పోరాటాల గురించి చదివేటప్పుడు మన చూపు కట్టె మీద, భూమి మీద నిలుస్తుంది. అసలు తగవు చాలాసార్లు గడ్డి దగ్గరే మొదలైంది. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు.

ఆ తర్వాత నేపాల్ తలుపులు తెరుచుకున్నాయి. 1953లో హైమండార్ఫ్ ఖుంబూ లోయకు వెళ్లాడు. షెర్పాల మీద ఆయన పుస్తకం 1964లో వచ్చింది. ఎవరెస్టు ఎక్కే సాహసాల సంగతి ఆ పుస్తకంలో తక్కువ, ఆలుగడ్డ చేల సంగతి, జడలబర్రెల సంగతి ఎక్కువ. అందులో నాకు ముఖ్యంగా కనిపించినది ‘నవా’ అనే పదవి. ఊరివాళ్లు తమలోంచే కొందరిని నవాలుగా ఎంచుకుంటారు. చేలు మొలకెత్తాక ఒక గడువు పెట్టి, ఫలానా రోజుకల్లా ఊరి పరిధిలో ఒక్క పశువూ ఉండకూడదని నవా చాటిస్తాడు. మందలన్నీ పైన వేసవి మకాములకు పోవాలి. ఊరి దిగువన గడ్డి పెరుగుతుంది, పంట పండుతుంది. కోతలయ్యాక నవా మళ్లీ చాటిస్తాడు, పశువులు దిగి రావచ్చు. నడుమ ఎవరి జంతువైనా కిందికి దిగితే యజమాని జరిమానా కట్టాలి. అతను ఊళ్లో పెద్ద కుటుంబం వాడైనా, నవా బావమరిదైనా కట్టాల్సిందే. చెట్లు నరకడం మీద కావలికి ‘షింగ్ నవా’ అని వేరే మనిషి. ఇలాంటి ఏర్పాటు కొండల్లో ఇతర చోట్లా ఉంది. సిక్కింలోని లాచెన్, లాచుంగ్ ఊళ్లలో ‘జుమ్సా’ అనే ఊరి సభ, దానికి పిపోన్ అనే పెద్ద. మందలు ఏ రోజు కదలాలో ఆ సభ తేలుస్తుంది. లద్దాఖ్ చాంగ్‌థాంగ్‌లో పశ్మీనా మేకలు కాసే చాంగ్‌పాలకు గోబా. ఏ డేరా ఏ లోయలో ఎన్నాళ్లు ఉండాలో చూసేది అతనే.

ఇవి చదివి చాలామంది మురిసిపోతారు. కొండ మనుషుల ఐకమత్యం, ప్రకృతి భక్తి అని. నేనంత మురిసిపోలేదు. నవా దగ్గర ఉన్నది భక్తి కాదు, జరిమానా వేసే అధికారం. స్విట్జర్లాండులో తోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. ఎవరైనా శీతాకాలంలో ఇంటి దగ్గర ఎన్ని ఆవుల్ని మేపగలరో, వేసవిలో అన్నింటినే ఉమ్మడి కొండ మేతకు తోలాలని అక్కడ 1517లో రాసుకున్నారు. రాబర్ట్ నెట్టింగ్ అనే పరిశోధకుడు దాన్ని వెలికితీశాడు. ఎలినార్ ఆస్ట్రమ్ దాన్ని 1990లో తన పుస్తకంలోకి ఎక్కించింది. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఆమె సిద్ధాంతానికి మూలస్తంభాల్లో ఆ ఊరొకటి. అందరి పచ్చికలో ఎవడికి వాడు ఇంకో గొడ్డును తోలి, చివరికి అందరూ మునుగుతారని 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం గురించి మీరు వినే ఉంటారు. ఆయన ఊహించుకున్న పచ్చికకు తలుపు లేదు, కాపలాదారుడూ లేడు. తోర్బెల్‌కు రెండూ ఉన్నాయి. ఆ చర్చ అక్కడితో చాలు.

మంచు కూడా ఆ కొండవాళ్లకు సాయం చేసింది. గడువు ఎవరు చాటినా చాటకపోయినా, అక్టోబరులో మంచు పడితే మంద దిగాల్సిందే. ప్రకృతి సగం పని చేసిపెడితే మనుషులు మిగతా సగం చేశారు. దక్కనులో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ మందను కదిలించేది వేసవి. చైత్రం దాటాక చెలమల్లో నీళ్లుండవు, బీళ్లలో గరిక కూడా ఎండుతుంది. పాలమూరు గొల్ల కురుమలు మందలు తోలుకుని నల్లమల వైపో, కృష్ణా డెల్టా వరి మళ్ల వైపో పోయేది అందుకే. పోయిన చోట రైతు చేలో రాత్రిళ్లు మంద పెట్టిస్తారు. ఎరువుకు బదులు వడ్లో డబ్బో తీసుకుంటారు. ఇదంతా మందకూ రైతుకూ మధ్య బేరం. ఊరి మేతకు గడువు పెట్టే నవా మాత్రం ఇందులో ఎక్కడా కనిపించడు.

కావాలంటే తెలంగాణ పల్లెను తలుచుకోండి. చెరువు నీళ్లకు నీరటికాడున్నాడు. ఏ మడికి ఎంతసేపు వదలాలో అతనికి తెలుసు, అతని మాట చెల్లేది. చేలకు కావలికారున్నాడు. చేలో పడ్డ గొడ్డుకు బందెలదొడ్డి ఉంది. చట్టం దానికి అండ. గడ్డికి ఎవరున్నారు? గడ్డికి సర్కారుంది. నిజాం రాజ్యంలో మేత కోసం కట్టేసి ఉంచిన భూములే కంచలు. సర్కారీ కంచల్లో మేతను, గడ్డిని ఏటా వేలం వేసేవారు. పాడినవాడికే హక్కు. రాయదుర్గం పక్కన పాయెగా అనే మాట రికార్డుల్లో ఇంకా ఉంది. పాయెగా అమీర్లంటే నిజాంకు గుర్రపు దళాల్ని పోషించి పెట్టినవాళ్లు. గుర్రానికి గడ్డి కావాలి. గోల్కొండకు పడమటి దిక్కున రాళ్ల మధ్య గడ్డి నేలలు దొరల లెక్కల్లోకి, సర్కారు లెక్కల్లోకి ఎందుకెక్కాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఊరి పశువుల కోసం విడిగా గైరాను ఉండేది. భూమి శిస్తు చట్టం దానికి చోటిచ్చింది. అయితే గైరానుకూ దస్తావేజు రాసేది, దాన్ని మార్చే అధికారం ఉన్నది సర్కారు కచేరీకే. పటేలు పట్వారీలు చూసుకునేవారనుకోండి. వాళ్లు ఊరు ఎంచుకున్న మనుషులు కారు.

నా వాదనంతా ఈ ఒక్క చోటే ఉంది. ఖుంబూలో మేత గడువు ఊరి చేతిలో ఉంది. ఇక్కడ సర్కారు చేతిలో ఉంది. సర్కారుకు గడ్డి కావలసినన్నాళ్లూ కంచ కంచగానే ఉంది. సర్కారుకు గడ్డి అక్కర్లేని రోజు వచ్చేసరికి దాన్ని కంచగా నిలబెట్టేవాళ్లెవరూ మిగల్లేదు. మందలకాపరికి మేత అలవాటుగా దొరికిందే తప్ప, ఆ అలవాటు ఏ కాగితంలోనూ లేదు.

ముందు చెప్పిన ఇద్దరు పండితుల్లో రెండోవాడు ఈ సంగతిని అంకెల్లో చూపించాడు. నర్పత్ సింగ్ జోధా రాజస్థాన్ వాడు, ఆర్థికవేత్త. ఇక్కడికి కూతవేటు దూరంలో పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో పనిచేశాడు. మెట్ట ప్రాంతాల్లో ఉమ్మడి భూములు ఏమవుతున్నాయో తెలుసుకోవడానికి 7 రాష్ట్రాల్లో, 21 జిల్లాల్లో, 82 ఊళ్లు పరిశీలించాడు. వాటిలో మన మెదక్, మహబూబ్‌నగర్ ఊళ్లూ ఉన్నాయి. 1986లో ఆ వ్యాసం అచ్చయింది. 1950ల మొదట్నుంచి 1980ల మొదటి దాకా, ముప్పై ఏళ్లలో ఉమ్మడి భూముల విస్తీర్ణం రాష్ట్రాన్నిబట్టి 31 నుంచి 55 శాతం దాకా తగ్గిపోయింది. పశువులు ఎక్కువై గడ్డి మేసేసినందువల్ల జరిగిన తగ్గుదల కాదిది. భూమి పట్టాలుగా మారి మనుషుల పేర్ల మీదికి పోయింది. పేదలకు పంచుతున్నామని పంచారు, చాలావరకు పేదలకు దక్కలేదు. మా వైపు లావణి పట్టాలనేవి 1950 నిబంధనలతో వచ్చాయి. బంజరు, గైరాను ముక్కలు ముక్కలుగా లావణిలోకి వెళ్లాయి. భూమి లేనివాడికి భూమి ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. అయితే పట్టా పుచ్చుకున్న రైతు ఇంట కూడా రెండు మేకలుంటాయి, వాటి మేత ఆ పట్టా కింద పోయిన బీడులోనే ఉండేది.

జోధా పనిలో అందరూ ఎత్తి రాసేది విస్తీర్ణం లెక్క. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించింది ఆయన చూపిన ఇంకో లెక్క. వెనకటి రోజుల్లో ఈ ఊళ్లలో మేత పన్ను కట్టేవారు, కావలివాడికి జీతమిచ్చేవారు, కంప కొట్టడానికీ పూడిక తీయడానికీ ఇంటికొక మనిషిని పంపేవారు, కొన్నాళ్లు మేత మూసేసేవారు. అవన్నీ ముప్పై ఏళ్లలో దాదాపుగా ఆగిపోయాయి. సంస్థానాధీశుల, జమీందార్ల, జాగీర్దార్ల పన్నులతో పాటే ఇవీ పోయాయి. జాగీర్ల రద్దు మంచి పనే, అందులో రెండో మాట లేదు. కానీ పన్నుతో పాటు కావలి కూడా రద్దయిందని, ఆ స్థానంలో పంచాయతీ ఏదీ పెట్టలేదని జోధా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఖాట్మండు వెళ్లాడు. 1983లో అక్కడ ఏర్పడిన అంతర్జాతీయ పర్వత ప్రాంతాల అధ్యయన కేంద్రంలో కొండ వ్యవసాయం మీద చాలా ఏళ్లు పనిచేశాడు.

కొండల్లోనూ అంతా సవ్యంగా లేదు. నేపాల్ ప్రభుత్వం 1957లో అడవుల్ని జాతీయం చేసింది. అడవి తమది కాదని తెలిసిన మీదట ఊరివాళ్లు షింగ్ నవా మాటను లెక్క చేయలేదు. కావలి సడలిపోయిందని హైమండార్ఫ్ తర్వాతి రాతల్లో వాపోయాడు. సిక్కిం ప్రభుత్వం 1998లో రిజర్వు అడవుల్లో మేత నిషేధించింది. చాంగ్‌పాల పిల్లలు లేహ్ పట్నానికి దిగి వస్తున్నారు. మంగోలియాలో 1990ల్లో సహకార క్షేత్రాలు మూసి పశువుల్ని కుటుంబాలకు పంచేశారు, మేత భూమి మాత్రం ప్రభుత్వానిదే. పశువులు పెరిగాయి, మకాములు మార్చే క్రమం చెడింది. 2009–10 చలికాలపు విపత్తులో ఆ దేశపు పశుసంపదలో ఇంచుమించు అయిదో వంతు చచ్చిపోయింది. కొండలు ఎత్తైనంత మాత్రాన జ్ఞానం ఊరదు. గడువు చాటే మనిషి ఉన్నచోట గడ్డి ఉంది, లేనిచోట లేదు.

ఇప్పుడు మన మండలానికి వద్దాం. 1969 తెలంగాణ ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది, దాని ఫలంగా 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. కంచ గచ్చిబౌలిలో 2,300 ఎకరాలకు పైగా భూమి దానికి కేటాయించారు. అప్పట్లో నగరానికి అది బాగా దూరం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత దూరం అనే మాటకు అర్థం లేకుండా పోయింది. 2003–04లో సర్వే నంబరు 25లో 400 ఎకరాలను ఒక క్రీడా సంస్థకు ఇచ్చారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. వ్యాజ్యం 2024 దాకా సాగి ప్రభుత్వం గెలిచింది. ఆ నేలను ప్రభుత్వం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగించింది. 2025 మార్చి చివర్లో రాత్రీ పగలూ బుల్డోజర్లు తిరిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది.

ఆ రోజుల్లో ఏయే గొంతులు వినిపించాయో మీకు గుర్తుండే ఉంటుంది. భూమి మాది అని ప్రభుత్వం, మాకిచ్చింది అని విశ్వవిద్యాలయం వాళ్లు, ఇది అడవి అని పర్యావరణవాదులు. జింకల గురించి, నెమళ్ల గురించి, నక్షత్ర తాబేళ్ల గురించి, ఆ ఆవరణలో దొరికి హైదరాబాద్ పేరు పెట్టుకున్న సాలీడు గురించి పత్రికలు రాశాయి. రాయాల్సిందే. చెట్లు నరకడాన్ని ఆపిన పిల్లలకు నా దండం. కానీ ఊరి పేరులోనే కంచ ఉన్న చోట, ఆ నేల మీద జీవాలు మేపుకున్నవాళ్లు ఎవరు, వాళ్లు ఎటు పోయారు అని ఏ కక్షిదారూ అడగలేదు. అడవి అని నిరూపించాలంటే చెట్లు లెక్కపెట్టాలి, ఆస్తి అని నిరూపించాలంటే కాగితం చూపాలి. మేత అని నిరూపించడానికి మన చట్టంలో ఏ ఫారమూ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, రుతువులవారీగా వచ్చిపోయే పశుపాలకుల హక్కును గుర్తించింది నిజమే. అది అడవి భూమికి వర్తిస్తుంది. గైరానుకు, కంచకు, చెరువు శిఖానికి ఆ నీడ లేదు.

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశపు బంజరు భూముల అట్లాసులు తయారు చేస్తోంది. పనితనంలో వంక పెట్టలేం. కానీ పొదలతో, రాళ్లతో, పలచటి గడ్డితో ఉన్న దక్కను బీడు ఆ పటాల్లో బంజరుగానే కనిపిస్తుంది. ఆకాశం నుంచి చూసినవాడికి ఆగస్టు గడ్డి, మే నెల తుమ్మకాయ ఒకటే అయిపోతాయి. మే నెలలో రాలిన తుమ్మకాయలతోనే మేకలు బతుకుతాయని కాపరికి తెలుసు. బంజరు అని ముద్ర పడిన నేల మీద ఏం కట్టినా లాభమే అనిపిస్తుంది. ఊళ్లో వైకుంఠధామానికైనా, డంపింగ్ యార్డుకైనా, సబ్‌స్టేషనుకైనా స్థలం కావాలంటే తహసీల్దారు మొదట తెరిచేది గైరాను పేజీ. పచ్చదనం పేరిట మొక్కలు నాటాలన్నా అదే పేజీ. నాటిన చుట్టూ తీగ వేస్తారు, మేకను దొంగను చూసినట్టు చూస్తారు. మిగిలిన బీట్లో సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకుంటాయి. వయ్యారిభామను ఏ జీవమూ ముట్టదు.

ఇక ధర. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 7.67 ఎకరాలు వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. ఈ అంకె విన్నాక గడ్డి గురించి మాట్లాడేవాడు పిచ్చివాడిలా కనిపిస్తాడు. నేనూ రాయదుర్గంలో గొర్రెలు మేపమని చెప్పబోవడం లేదు. ఆ నేల పోయింది. కానీ ఒక పోలిక చూడండి. తోర్బెల్ కొండ మీద హోటలు కట్టినా డబ్బొస్తుంది. ఆ ఉమ్మడి మేత ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే, భూమిని అమ్మే అధికారం, ఆవుల్ని లెక్కపెట్టే అధికారం రెండూ అదే ఊరివాళ్ల దగ్గర ఉండబట్టే. మన దగ్గర జీవాల్ని లెక్కపెట్టేది పశుసంవర్ధక శాఖ, భూమిని అమ్మేది వేరే శాఖ. ఒకరి రిజిస్టరు ఒకరు చూడరు.

దీనికి 2017 గొర్రెల పంపిణీ కన్నా మంచి రుజువు లేదు. ఆ ఏడు జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో పథకం మొదలైంది. కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం ప్రభుత్వమే భరించింది. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో గొర్రెలొచ్చాయి. 2012లో కోటీ 28 లక్షలున్న గొర్రెలు 2019 పశుగణన నాటికి కోటీ 91 లక్షలయ్యాయి. అప్పటికి దేశంలో తెలంగాణదే మొదటి స్థానం. దేనికీ నోచుకోని కులాలకు ప్రభుత్వం నేరుగా ఆస్తి ఇచ్చిందంటే చిన్న మాట కాదు. అవకతవకల కేసులు తర్వాత నడిచాయి, వాటి జోలికి పోను. నా ప్రశ్న వేరు. అరవై లక్షలకు పైగా కొత్త నోళ్లకు ఒక్క ఎకరం మేతైనా పథకంలో రాశారా? రాయలేదు. గొర్రెను ఇచ్చినవాళ్లు గడ్డిని కాపరి తెలివికి వదిలేశారు. కాపరి ఏం చేస్తాడు? కొందరు అమ్ముకున్నారు, కొందరు ఇంకా దూరం వలసపోయారు, కొందరు రింగు రోడ్డు పక్కన, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు ఇళ్లు కట్టని ప్లాట్లలో మేపుతున్నారు. ప్లాటు యజమాని అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఆ మేత నడుస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. దక్కను నల్ల గొర్రె ఇక్కడి రాళ్లకూ ఎండకూ అలవాటు పడ్డ జాతి. ఉన్నినిచ్చేది, ఆ ఉన్నితో గొంగడి నేసేవారు. గొంగడికి గిరాకీ తగ్గి, మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి ఎప్పటి నుంచో దాన్ని పక్కకు నెడుతోంది. పశువైద్యురాలు డాక్టర్ సాగరి రాందాస్, ఆంత్ర సంస్థ ఈ సంగతి మీద ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. మేత భూమి పోయేకొద్దీ, తక్కువ మేతతో బతికే జాతి విలువ పెరగాలి. మనం చేసింది దానికి తలకిందులు.

2011 జనవరిలో ఉమ్మడి వనరుల అధ్యయన సంఘం అంతర్జాతీయ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆస్ట్రమ్ వచ్చింది. సరిగ్గా అదే నెల 28న సుప్రీంకోర్టు జగ్పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి గ్రామసభకు తిరిగి అప్పగించే పథకాలు తయారు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అంత మంచి జనవరి మళ్లీ రాలేదు. తీర్పు వచ్చి పదిహేనేళ్లయింది. ఆక్రమణ తొలగించాక ఆ భూమిని ఎవరు చూసుకోవాలి, ఏ నెలలో తెరవాలి, ఏ నెలలో మూయాలి అన్న మాట మన ఉత్తర్వుల్లో ఇప్పటికీ లేదు.

కిర్గిజ్‌స్థాన్ ఈ ముడిని ఒక తీరుగా విప్పింది. కొండలే కొండలున్న దేశం. సోవియట్ కాలం పోయాక మేత భూముల్ని ఎకరాల లెక్కన లీజుకిచ్చింది. డబ్బున్నవాడు దగ్గరి మేతలన్నీ పట్టేశాడు. 2009లో చట్టం మార్చింది. భూమి ప్రభుత్వానిదే, నిర్వహణ ఊరి మేత కమిటీది. భూమికి లీజు లేదు, తలకింత అని టికెట్ ఉంది. ఎన్ని జీవాలుంటే అంత రుసుము, ఆ డబ్బు దారులకు, వంతెనలకు, నీటి తొట్లకు. అక్కడా కమిటీల్లో పెద్ద మందలవాళ్ల పెత్తనం ఉందని ఫిర్యాదులున్నాయి. ఉంటాయి. కానీ గడ్డి గురించి ఊళ్లో ఒక రశీదు పుస్తకం పుట్టింది.

మనకు కమిటీ కొత్తగా పెట్టనక్కర్లేదు కూడా. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు జిల్లా జిల్లాకూ ఉన్నాయి. వాటికి సభ్యుల జాబితా ఉంది, ఎన్నికలున్నాయి. వాటి చేతికి పథకం వస్తే గొర్రెలు ఇచ్చాం, మందులు ఇచ్చాం, నేల మీద అధికారం మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. మొదలు పెట్టడానికి చెరువు శిఖం మంచి చోటు. వేసవిలో నీళ్లు వెనక్కిపోయాక శిఖంలో మొలిచే పచ్చికే ఒకప్పుడు చుట్టుపక్కల జీవాలకు ఆధారం. ఆ నేలలో ఇల్లు కట్టకూడదని చట్టం ఎటూ చెబుతోంది. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఆ మాట గట్టిగానే చెబుతోంది. కూల్చిన చోట తీగ కట్టి బోర్డు పెట్టి వెళ్తే మూడేళ్లలో మళ్లీ గోడ లేస్తుంది. రోజూ పొద్దున్నే మంద తోలుకొచ్చేవాడికి అక్కడ హక్కు రాసి ఇస్తే, మొదటి ఇటుక పడ్డ రోజే అతను చూస్తాడు. ఫాల్గుణం నుంచి మృగశిర దాకా తెరిచి, వానాకాలం మూసి, తలకు ఇంత అని సంఘం వసూలు చేసి, మురుగు కలవకుండా తూము దగ్గర కాపలా పెట్టుకోనివ్వండి.

నగరం నడుమ ఇది కుదరదని మీలో కొందరు అనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. నగరం నడుమ కుదరని చోట వద్దు. శంకర్‌పల్లి వైపు, చేవెళ్ల వైపు, రేపో మాపో లేఅవుట్లు పడబోయే ఊళ్లలో గైరాను ఇంకా గైరానుగానే ఉంది. భూ రికార్డుల్లో అది నిషేధిత జాబితాలో ఉంది, అంటే ఎవరూ రిజిస్టరు చేసుకోకూడదు. ఎవరు చేయకూడదో రాశారు సరే. ఎవరు వాడుకుంటున్నారో రాయలేదు. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పహాణీల్లోని అనుభవదారు గడే ఎగిరిపోయింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి పాత పహాణీ గడుల్ని తిరిగి తెస్తామంది. తెచ్చేటప్పుడు గైరాను, శిఖం ఖాతాల్లో ఆ గడిని ఖాళీగా వదలొద్దు. ఏ సంఘం, ఎన్ని జీవాలు, ఏ నెల నుంచి ఏ నెల దాకా. ఈ మూడూ రాసి ఉంటే, భూమి చేతులు మారే రోజున కలెక్టరు కనీసం ఆ సంఘానికి నోటీసు ఇవ్వాల్సి వస్తుంది. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో తొలిసారిగా సంచార పశుపాలకుల వివరాలు కూడా సేకరించారు. ఆ లెక్కలను భూభారతి ఖాతాల పక్కన పెట్టి చూడటానికి రెండు శాఖల గుమస్తాలు ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే చాలు. రంగారెడ్డి జిల్లాలో ఒక్క మండలంలో ఆ పని చేసి చూడమని ఈ సభ తరఫున కలెక్టరుగారికి వినతిపత్రం రాశాం. బయట బల్ల మీద ఉంది, చదివి సంతకం పెట్టేవాళ్లు పెట్టండి.